ఎరవు తరంగములతో వార్త



చిన్నతనమున మనలో అనేకులము ఒక ఆట ఆడియుందుము. పగిలిన అద్దపు ముక్క నొకదానిని చేతఁబట్టి, ఎండలో నిలిచి, వీధికి ఆవలనున్న ఇంటి గోడమీఁద వెలుఁగు చుక్కను ఆడించెడివారము. ఆ పిల్లవానియొద్ద దీపము లేదు, నూనె లేదు, వత్తి లేదు. వెలుఁగు సూర్యునిది. వాఁడు చేసినదెల్ల అద్దమును త్రిప్పుట మాత్రమే. అయినను రెండు మెఱుపులకు “రమ్ము” అనియు, ఒక మెఱుపునకు “వలదు” అనియు ముందుగా ఒడంబడిక యున్నచో, ఆ ఎరవు వెలుఁగుతోనే ఆవలివానికి వార్త చేరును.

నేఁడు నేను విన్నవింపఁబోవు విషయమంతయు ఈ ఆటయందే యిమిడియున్నది. సూర్యునికి బదులు రేడియో స్తంభము, అద్దమునకు బదులు చిన్న లోహపు తీఁగె, గోడను చూచు కంటికి బదులు మఱియొక చిన్న యంత్రము. ఒరులు వేఱు పనికై ఆకాశమున విడిచిన తరంగములను ఎరవు తీసికొని, వానిని త్రిప్పికొట్టి, ఆ దెబ్బలలో తన వార్తను పంపు విద్య యిది. శాస్త్రజ్ఞులు దీనిని యాంబియంట్ బ్యాక్‌స్కాటర్ అందురు. పరిసర తరంగముల పరావర్తనము అని మనము చెప్పుకొనవచ్చును. పంపుట ఇందులో సులభము. ఆ వార్తను సందడిలోనుండి గుర్తించుటయే కష్టము. కాఁబట్టి ఈ ప్రసంగములో ఎక్కువ భాగము ఆ గుర్తించుటను గుఱించియే చెప్పెదను.

ఈ సంగతి పల్లెలకేల యని మీరడుగవచ్చును. పొలములో నేల తేమను, గాదెలో ధాన్యపు వేఁడిని, చెఱువుకట్టలోని ఊటను కనిపెట్టి చెప్పు చిన్న యంత్రములు నేఁడు కలవు. కాని ప్రతి యంత్రమునకును ఒక బ్యాటరీ కావలెను. బ్యాటరీ ఎన్నఁడో ఒకనాఁడు తీఱిపోవును. అది తీఱిననాఁడు యంత్రము మూగదగును. మూగయైనదని ఎవరికిని తెలియదు. కట్టలో ఊట పెరుఁగుచున్నను, “వార్త లేదు గనుక భయము లేదు” అని ఊరు నిదురించును. అదిగాక తీఱిపోయిన బ్యాటరీలను చేనిగట్టున పాఱవేసినచో వానిలోని రసాయనములు మన్నును, నీటిని చెఱచును. బ్యాటరీ లేకుండ పలుకు యంత్రమును జేయవచ్చునా యన్న ప్రశ్న ఇందుచేతనే పుట్టినది.

రేడియోలో సొంత గొంతుతో మాటాడఁదలఁచిన యంత్రము తన తరంగమును తానే పుట్టింపవలెను. సెకనునకు కోట్లకొలఁది పర్యాయములు విద్యుత్తును ఊఁపి, దానిని బలపఱచి ఆకాశమునకు పంపవలెను. శక్తిలో పెద్దభాగము ఇచ్చటనే వ్యయమగును. అద్దము పట్టుకొన్న పిల్లవానికి ఆ వ్యయము లేదు. తీఁగెకు నడుమ ఒక మీటయుంచి, దానిని మూయుచు తెఱచుచు నున్నచో, ఆ తీఁగె ఒకసారి తనపైఁబడిన తరంగమును మ్రింగును, ఒకసారి వెనుకకు కొట్టును. మ్రింగినది సున్న, కొట్టినది ఒకటి అనుకొన్నచో, ఆ రెండు గుఱుతులతోనే ఎంతటి వార్తనైనను వ్రాయవచ్చును. మీటను కదలించుటకు కావలసిన శక్తి మిక్కిలి కొంచెము. దానినిగూడ ఆ తరంగమునుండియే కొంత పిండుకొనవచ్చును.

ఇది నేఁటి ఊహ కాదు. 1945వ సంవత్సరమున మాస్కోలో సోవియట్ బాలబాలికలు అమెరికా రాయబారికి కొయ్యతో చెక్కిన అమెరికా రాజముద్ర నొకదానిని కానుకగా నిచ్చిరి. రాయబారి దానిని తన గృహమున గోడకు వ్రేలాడఁదీసికొనెను. అందు లోహపు డొల్లయు, పలుచని పొరయు, చిన్న తీఁగెయు దాఁగియుండెను. దానికి బ్యాటరీ లేదు, విద్యుత్తు తీఁగెలును లేవు. బయటినుండి ఎవరైన దానిపైకి రేడియో తరంగమును పంపినచో, గదిలోని మాటలకు పొర కదలి, తిరిగిపోవు తరంగము ఆ మాటలను మోసికొనిపోవుచుండెను. దానిని నిర్మించినవాఁడు లియాన్ తెరెమిన్ అను రష్యా శాస్త్రజ్ఞుఁడు. 1952 వఱకు ఆ రహస్యము అమెరికావారికి తెలియలేదు. 1960లో వారు దానిని ఐక్యరాజ్యసమితిలో లోకమునకు చూపిరి. తనంతట తాను పలుకనిది గనుకనే అది అన్ని యేండ్లు పట్టుపడకుండెను. ఈ కథను మఱల తలఁచుకొనవలసిన పని తుదిలో కలదు.

1948లో హ్యారీ స్టాక్‌మన్ అను శాస్త్రజ్ఞుఁడు, పరావర్తనమైన శక్తితో వార్త పంపుటను గుఱించి ఒక వ్యాసము ప్రకటించెను. ఆ మార్గముననే పోఁగాపోఁగా నేఁటి ఆర్‌ఎఫ్‌ఐడీ చీటీలు వచ్చినవి. వానిని మీరు చూచియేయున్నారు. 2021 ఫిబ్రవరినుండి మన జాతీయ రహదారుల టోలు ద్వారములయొద్ద వాహనములకు తప్పనిసరియైన ఫాస్టాగు చీటీ అట్టిదే. కారు ముందరి అద్దమునకు అంటించిన ఆ చీటీలో బ్యాటరీ లేదు. ద్వారముపైనున్న యంత్రము తరంగమును క్రుమ్మరించును. చీటీ దానితోనే మేలుకొని, దానినే త్రిప్పికొట్టి తన సంఖ్యను చెప్పును.

అయితే ఫాస్టాగునకు ఎదుట దానికొఱకే దీపము పట్టుకొని నిలిచిన యంత్రమొకటి కావలెను. ఆ దీపము లేనిచోట చీటీ మూగయే. అట్టి దీపముతో పనిలేకుండ, లోకులు విను రేడియో, చూచు టెలివిజను తరంగములనే వాడుకొనిన నేమి యని అమెరికాలో సియాటిల్ నగరమునందున్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు తలఁచిరి. 2013 ఆగస్టులో హాంకాంగునందు జరిగిన సభలో తమ ఫలితములను చదివిరి. ఆ బృందములో మద్రాసు ఐఐటీయందు చదివిన శ్యామ్‌నాథ్ గొల్లకోట గారు ఒకరు. వారు వాడుకొన్నది 539 మెగాహెర్ట్జుల టెలివిజను తరంగము. పది లక్షల వాట్ల వఱకు శక్తిగల టెలివిజను స్తంభమునకు ఆఱున్నర మైళ్ల దూరము వఱకు వారి యంత్రములు పనిచేసినవి. రెండు యంత్రములు ఆరుబయట రెండున్నర అడుగుల యెడముతోను, ఇంటిలోపల ఒకటిన్నర అడుగు యెడముతోను ఉన్నపుడు సెకనునకు వేయి గుఱుతులను, అనఁగా సుమారు 125 ఆంగ్లాక్షరములను, ఒకదానికొకటి పంపుకొనినవి. పంపు భాగమునకైన శక్తి 0.25 మైక్రోవాట్టు. విను భాగమునకు 0.54 మైక్రోవాట్టు. ఒక వాట్టు చేతిదీపమునకగు శక్తితో అట్టి పంపు భాగములు నలువది లక్షలు పనిచేయఁగలవన్నమాట.

ఇఁక అసలు చిక్కునకు వచ్చెదను. అద్దపు ఆటలో ఎండ నిలుకడగా నుండును. కావున గోడమీఁద చుక్క వచ్చిన క్షణమే కనఁబడును. కాని ఎండకు బదులు పెనుగాలిలో అల్లాడు కాగడా వెలుఁగు ఉన్నదనుకొనుఁడు. కాగడాయే క్షణక్షణమును పెరుఁగుచు తగ్గుచున్నది. ఆ వెలుఁగు నేరుగను గోడమీఁద పడుచున్నది, అద్దమునుండి తిరిగియు పడుచున్నది. అద్దమునుండి వచ్చినది నేరుగ వచ్చినదానిలో నూఱవవంతో, వేయవవంతో. ఇప్పుడు గోడను చూచి, ఈ క్షణమున అద్దము తిరిగినదా లేదా యని చెప్పవలెను. టెలివిజను తరంగము సరిగా ఇట్టి కాగడావంటిది. అది తాను మోయు బొమ్మలనుబట్టి సెకనునకు లక్షలకొలఁది మార్లు హెచ్చుతగ్గులగుచుండును. ఆ బొమ్మలేమో మన చిన్న యంత్రమునకు తెలియదు, తెలిసికొను శక్తియు దానికి లేదు.

దీనికి ఉపాయము మన చెఱువుగట్టుననే కలదు. గాలికి అలలు లేచుచున్న చెఱువులో నీటిమట్టమును కొలువవలసివచ్చినపుడు, ఒక్క అలను చూచి ఎవరును మట్టము చెప్పరు. కొలకఱ్ఱయొద్ద కొంతసేపు నిలిచి, పైకెగసిన అలలను, క్రిందికి దిగిన అలలను కలిపి, సగటున నీరు ఎచ్చట నిలిచినదో చూతురు. అలలు త్వరగా వచ్చి పోవును. మట్టము మెల్లగా మాఱును. ఆ రెంటి వేగములలోని భేదమే మనకు సాయము. మన యంత్రమును అట్లే తన మీటను మెల్లగా కదలించును. ఒక్కొక్క గుఱుతును సెకనులో వేయవవంతు కాలము నిలిపియుంచును. ఆ కొంచెపు కాలములోనే టెలివిజను తరంగము కొన్ని వేల అలలుగా ఎగసి పడును. ఆ అలలన్నిటి సగటును తీసినచో వాని అల్లకల్లోలము చాలవఱకు అణఁగి, క్రింద రెండు మట్టములు తేలును. అద్దము తిరిగినపుడు ఒకటి, తిరుగనపుడు ఒకటి.

ఎంతమాత్రము అణఁగును? ఇందుకు లెక్క కలదు. వేఱువేఱైన నూఱు కొలఁతల సగటు తీసినచో చాంచల్యము పదియవవంతగును. పదివేల కొలఁతల సగటు తీసినచో నూఱవవంతగును. అనఁగా కొలఁతల సంఖ్యకు వర్గమూలమెంతయో అన్ని రెట్లు తగ్గును. 60 లక్షల హెర్ట్జుల వెడల్పుగల టెలివిజను తరంగమునుండి సెకనులో వేయవవంతున సుమారు 6,000 వేఱువేఱు కొలఁతలు దొరకును. 6,000కు వర్గమూలము సుమారు 77. ఒక్క కొలఁతలో చాంచల్యము నూటికి నూఱు అనుకొన్నను, సగటులో అది నూటికి 1.3 మాత్రమగును.

ఉదాహరణమునకు, అద్దము తిరుగుటచేత మట్టము నూటికి 5 వంతులు మాఱుననుకొందము. రెండు మట్టములకును నడుమ, 2.5 వంతులయొద్ద ఒక హద్దు గీయుదము. సగటు హద్దునకు పైన నున్నచో ఒకటి, క్రింద నున్నచో సున్న. చాంచల్యము 1.3 అయినపుడు ఈ తీర్పు నూటికి ఇంచుమించు మూఁడు మార్లు తప్పును. ఒక్కొక్క గుఱుతును నాలుగు రెట్లు కాలము నిలిపినచో చాంచల్యము సగమగును. అపుడు తప్పులు సుమారు 18,000 గుఱుతులకు ఒకటి మాత్రమే. కాలము నాలుగింతలు చేయఁగా తప్పులు ఇంచుమించు అయిదువందల రెట్లు తగ్గినవి! కాని ఊరక వచ్చు లాభము లేదు. వార్త పోవు వేగము నాలుగవవంతునకు పడిపోవును. తొందరపడి సగము విని తీర్పు చెప్పుటయా, ఓపికతో పూర్తిగా విని చెప్పుటయా యన్నదే ఈ విద్యలోని మొదటి బేరము.

ఇందొక వింత కలదు. సాధారణముగా రేడియో సరిగా వినఁబడనిచో ప్రసార శక్తిని పెంచిన చాలును. ఇచ్చట ఆ మందు ఒక మేర దాఁటిన పిమ్మట పనిచేయదు. ఏలయన కాగడాను పెద్దది చేసినచో అద్దపు చుక్కయు పెద్దదగును, కాగడా అల్లాటయు అంతే పెద్దదగును. రెంటి నిష్పత్తి మాఱదు. అందుచేత స్తంభపు శక్తి యెంత పెంచినను తప్పులు ఒక మట్టమునకు దిగి అచ్చటనే నిలిచిపోవును. దానిని దాఁటుటకు కొలఁతలనైన పెంచవలెను, చూచు కన్నులనైన పెంచవలెను. 2014లో ఆ విశ్వవిద్యాలయమువారు రెండవ మార్గమును పట్టిరి. ఒక తీఁగెకు బదులు కొంచెము ఎడముగా రెండు తీఁగెలుంచి, రెంటిలోని తరంగముల నిష్పత్తిని చూచిరి. ఒకే గాలికి రెండు దీపములును ఒక్కమాఱే అల్లాడును గదా. ఒకదానిని రెండవదానితో భాగించినచో ఉమ్మడి అల్లాట కొట్టుకొనిపోవును. అద్దపు చుక్కమాత్రము రెండుచోట్లను ఒకేవిధముగా పడదు గనుక మిగులును. ఈ యుపాయముతో వేగమును నూఱు రెట్లును, గుఱుతులను కూర్చు మఱియొక యుపాయముతో దూరమును నలువది రెట్లును పెంచితిమని వారు ప్రకటించిరి.

సగటు తీయుటకు పెద్ద లెక్కలయంత్రము కావలెనా? అక్కఱలేదు. అట్టి యంత్రమునకు శక్తి యెక్కడిది? 2013 నాఁటి యంత్రములో వారు చేసిన పని యిది. అడుగున చిన్న రంధ్రముగల ముంత నొకదానిని, అట్లే రంధ్రముగల పెద్ద గోలెమునొకదానిని ఒకే ధారక్రింద ఉంచినట్లు ఊహింపుఁడు. ధార హెచ్చుతగ్గులైనపుడు ముంతలోని మట్టము వెంటనే మాఱును. గోలెములోని మట్టము మిక్కిలి మెల్లగా మాఱును. కావున గోలెములోనిది దీర్ఘకాలపు సగటు, ముంతలోనిది ఇప్పటి సగటు. గోలెపు మట్టమే హద్దు. ముంత మట్టము దానికంటె ఎక్కువయో తక్కువయో చెప్పుటకు ఒక చిన్న త్రాసు చాలును. యంత్రములో ముంత, గోలెములకు బదులు విద్యుత్తును నిలువచేయు కెపాసిటర్లు, రంధ్రములకు బదులు నిరోధకములు, త్రాసునకు బదులు కంపారేటరు అను చిన్న భాగము ఉండును. ఇందు గొప్ప సుగుణము మఱియొకటి కలదు. హద్దును ఎవరును ముందుగా గీయ నక్కఱలేదు. ధార మాఱినకొలఁది గోలెము తనంతట తానే క్రొత్త హద్దును చూపును.

ఇంకొక చిక్కు మిగిలినది. నేరుగ వచ్చు తరంగమును, తిరిగివచ్చు తరంగమును కలిసినపుడు మట్టము పెరుఁగునని మనమనుకొంటిమి. అన్నివేళల అట్లు కాదు. అలమీఁద అల వచ్చిపడినచో రెండును కలిసి పెద్దదగును. అలలోని పల్లముమీఁద అల వచ్చిపడినచో రెండును అణఁగును. 539 మెగాహెర్ట్జుల తరంగపు పొడవు సుమారు 56 సెంటీమీటర్లు. నడచివచ్చిన దారి 28 సెంటీమీటర్లు మాఱినచో పెరుఁగుట తఱుఁగుటగా మాఱును. యంత్రమును మూరెడు దూరము జరిపిన చాలును, “ఒకటి” అన్నది “సున్న”గా వినఁబడవచ్చును. అందుచేత మట్టముననుసరించి అక్షరమును చదువుట ప్రమాదము. దీనికి విఱుగుడుగా, మట్టము ఎట్లున్నదని చూడక, మాఱినదా లేదా యని మాత్రమే చూతురు. ఒక గుఱుతు కాలములో నడుమ మాఱినచో ఒక అక్షరము, మాఱనిచో వేఱొక అక్షరము. పైనుండి క్రిందికి మాఱినను, క్రిందినుండి పైకి మాఱినను అర్థమొక్కటే.

వార్త ఎప్పుడు మొదలైనదో ఎట్లు తెలియును? గ్రామమున టముకు వేయువాఁడు ముందు కొంతసేపు డప్పు కొట్టి, జనుల చెవులు తనవైపు త్రిప్పుకొని, పిమ్మట గదా చాటింపు చెప్పును. మన యంత్రమును అట్లే వార్తకు ముందు ఒకటి, సున్న, ఒకటి, సున్న యని ఏర్పఱచుకొన్న దరువును వేయును. వినెడి యంత్రము ఆ దరువు వినఁబడువఱకు నిద్రావస్థలో నుండి, వినఁబడినంతనే పూర్తిగా మేలుకొనును. శక్తి కొఱఁతగల బ్రతుకునకు ఇదియును ఒక పొదుపు.

ఇప్పుడు తీర్పును గుఱించి చెప్పవలసినది కలదు. పెద్దలైన మీరు తగవులు తీర్చినవారే. సాక్షుల మాటలు విని తీర్పు చెప్పువానికి రెండు విధముల తప్పులు పొంచియుండును. నిర్దోషిని దోషి యనుట యొకటి, దోషిని నిర్దోషి యనుట యొకటి. సాక్ష్యమును మిక్కిలి కఠినముగా కోరినచో మొదటి తప్పు తగ్గును, రెండవది పెరుఁగును. సులభముగా నమ్మినచో దీనికి మాఱుగా జరుగును. సంకేతములను గుర్తించుటయందును ఇంతే. లేని వార్తను ఉన్నదనుట వట్టి అలజడి. ఉన్న వార్తను లేదనుట ఏమఱుపాటు. హద్దును పైకి జరిపిన అలజడి తగ్గి ఏమఱుపాటు పెరుఁగును, క్రిందికి జరిపిన ఏమఱుపాటు తగ్గి అలజడి పెరుఁగును. 1933లో నేమన్, పియర్సన్ అను ఇద్దఱు గణితజ్ఞులు, ఒక తప్పునకు మనమొక మేర ఏర్పఱచినచో, ఆ మేరలో రెండవ తప్పును మిక్కిలి తగ్గించు తీర్పు ఎట్టిదో నిరూపించిరి. 1948లో మన తెలుఁగువారు, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు కనిపెట్టిన పరీక్ష యొకటి, రావు గారి పేరుతోనే, బలహీన సంకేతములను గుర్తించు శాస్త్రగ్రంథములలో నేఁటికిని చెప్పఁబడుచున్నది. ఆ మహనీయుఁడు 2023లో నూఱేండ్లు దాఁటిన వయస్సున పరమపదించిరి.

కాని ఆ మేరను ఏర్పఱచుట గణితము పని కాదు. నేల తడిసినదో లేదో చెప్పు యంత్రము పొరపాటున “ఎండినది” అన్నచో ఒక తడి నీరు వృథా యగును. చెఱువుకట్ట యంత్రము పొరపాటున “భయము లేదు” అన్నచో దిగువనున్న ఊరు మునుఁగును. ఒకటే హద్దు రెంటికిని తగదు. కట్టయొద్ద నాలుగుమాఱులు వృథాగా పరుగెత్తినను మంచిదే, ఒక్కమాఱైనను ఏమఱుట తగదు. అట్లని ప్రతిరాత్రియు పరుగెత్తించినచో అయిదవ రాత్రి ఎవరును లేవరు. ఏ తప్పునకు ఎంత వెలయో, ఆ నష్టమును భరింపవలసినవారే తూఁచి చెప్పవలెను.

రేడియో శ్రోతలకు ప్రీతికరమైన సంగతి మఱియొకటి చెప్పెదను. 2017లో ఆ విశ్వవిద్యాలయమువారే ఎఫ్‌ఎం రేడియో తరంగములను ఎరవు తీసికొనిరి. గోడపత్రిక వెనుక తీఁగెను అంటించి, దాని మీటను మిక్కిలి వేగముగా కదలించి, తిరిగిపోవు తరంగమును ప్రక్కనున్న ఖాళీ స్థానమునకు జరిపిరి. గోలగానున్న కచ్చేరి చావడిలో గుసగుసలాడుటకంటె ప్రక్కగదిలోనికిపోయి మాటాడినచో చక్కగా వినఁబడును గదా! అట్లే ఆ స్థానమునకు త్రిప్పిన మామూలు ఎఫ్‌ఎం రేడియోలోనే గోడపత్రిక పలుకు వినఁబడినది. శక్తి 11.07 మైక్రోవాట్లు, దూరము 5 మొదలు 60 అడుగులు, వేగము సెకనునకు 3,200 గుఱుతుల వఱకు.

మన యూళ్లలో ఏ తరంగములు ఎరవునకు దొరకును? దూరదర్శన్ వారి ప్రాఁత అనలాగు భూతల ప్రసారములు 2022 నాఁటికి చాలవఱకు నిలిపివేయఁబడినవి. కావున సియాటిల్‌లో వలె టెలివిజనును నమ్ముకొనుటకు లేదు. తెలుఁగు శ్రోతలు చిరకాలముగా ఎఱిఁగిన విజయవాడ కేంద్రపు 837 కిలోహెర్ట్జుల మధ్యతరంగము దూరము పోవునదే గాని, దాని పొడవు సుమారు 358 మీటర్లు. అంతటి తరంగమును చక్కగా త్రిప్పికొట్టుటకు జానెడు తీఁగె చాలదు. పొడవైన తరంగమునకు పొడవైన తీఁగె కావలెను. ఎఫ్‌ఎం తరంగము సుమారు మూఁడు మీటర్లు. సెల్‌ఫోను స్తంభముల తరంగములు ఇంకను పొట్టివి, మూరెడును అంతకు తక్కువయును. కావున మన పల్లెలకు ఆశ యున్నచో ఈ రెంటియందే యున్నది. సెల్‌ఫోను ప్రమాణములను నిర్ణయించు త్రీజీపీపీ అను అంతర్జాతీయ సంఘమును బ్యాటరీ లేని యిట్టి చిన్న యంత్రములను తన పందొమ్మిదవ ప్రమాణసంపుటిలో చేర్చుకొన్నది.

ఎరవు తీసికొన్నచో ఇచ్చినవానికి నష్టము లేదా? మన పిల్లవాఁడు అద్దమును త్రిప్పినంతమాత్రమున ఊరిలో ఎండ తగ్గదు. తీఁగెపై పడినంత తరంగమే దానికి దొరకును. అది మ్రింగినను, కొట్టినను స్తంభపు ఖర్చు పెరుఁగదు. 2013 ప్రయోగములో టెలివిజను ఆంటెనాకు ఏడెనిమిది అంగుళముల లోపలికి యంత్రమును తెచ్చినఁగాని బొమ్మలో తేడా కనఁబడలేదు.

అయినను దీనిని సర్వరోగనివారిణిగా ఎంచరాదు. దూరము తక్కువ, వేగము తక్కువ, ఇచ్చువాఁడు ప్రసారము ఆపినచో ఎరవు లేదు. మాస్కో రాజముద్ర నేర్పిన పాఠమును మఱువరాదు. తాను పలుకనిది, విద్యుత్తు అడుగనిది, గోడకు అంటుకొనియుండి ఏండ్లకొలఁది మన మాటలను మోయవచ్చును. మేలు చేయు గుణమును, కీడు చేయు గుణమును ఒక్కటే. అది ఎవరి చేతనున్నదో దానినిబట్టి యుండును.

కావున ఎవరైన మీ యూరికి వచ్చి, బ్యాటరీ లేని యంత్రమును మీ పొలమునందో కట్టమీఁదనో పెట్టెదమన్నచో నాలుగు ప్రశ్నలు అడుగుఁడు. ఇది ఎవరి తరంగమును ఎరవు తీసికొనును, అది రాత్రింబవళ్లు ఉండునా? దీని వార్త ఎన్ని అడుగులు పోవును? లేనిదానిని ఉన్నదనుట ఎన్నిమార్లు, ఉన్నదానిని లేదనుట ఎన్నిమార్లు? వార్త చేరునది ఎవరికి? ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పఁగలవాని యంత్రమును నమ్మవచ్చును. చెప్పలేనివాఁడు తన యంత్రమును తానే యెఱుఁగఁడన్నమాట.